మూడు చీరల వడియాలు

ఒక ఇంటికి ఏడాదిపాటు రావలసిన వడియాలన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో ముంచేసిన కోడల్ని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ కోడల్ని నేనే. ముంచింది చారులో కాదు, వానలో. అదీ చెప్పాపెట్టకుండా వచ్చిపడిన వాన అయితే కొంత సమర్థించుకుందును. గంట ముందు నుంచీ ఉరుముతూ, దుమ్ము రేపుతూ, నన్ను పేరు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువగా వచ్చిన వాన. దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఎంత బాగుందో అనుకుంటూ చూశాను. లేవలేదు. ఎందుకు లేవలేదో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి, మా ఇంట్లో ఏడేళ్ళ నుంచి నవ్వుతూనే ఉన్నారు.

మాది కాకినాడ. నన్నిచ్చింది సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండికి. మా అత్తమ్మ పుట్టిల్లేమో జనగామ. ఆవిడ కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా నోట్లో జనగామ చెక్కు చెదరలేదు. వచ్చిన రోజున నేను పద్ధతిగా "అత్తయ్యగారండీ" అంటే ఆవిడ వెనక్కి తిరిగి గుమ్మం దాకా చూసి, "ఎవరిని పిలుస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఆ సాయంత్రానికల్లా ఆవిడ నాకు అత్తమ్మ అయిపోయింది.

ఆ ఇంట్లో బీరువా తాళాలు వంటింటి మేకుకి వేలాడుతుంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. డాబా మీది ఇనుప తలుపు తాళంచెవి మాత్రం అత్తమ్మ బొడ్లోనే ఉంటుంది. డాబా అంటే ఆవిడకి ఎండ. ఎండంటే మిరపకాయలు, చింతపండు, పసుపు, వీటన్నిటికీ పైన వడియాలు. ఏటా మూడు పాత నూలు చీరల నిండా సగ్గుబియ్యం వడియాలు పెడుతుంది. మా బంధువుల్లో ఏ ఇంట్లో పప్పుచారు కాగినా పక్కన వేగేవి అత్తమ్మ వడియాలే. "నేనీ ఇంటికొచ్చినకాంచి నా వడియం ఒక్కటి సుత వానల తడ్వలే," అని వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళతోపాటు చెప్పేది. నేను నవ్వుకునేదాన్ని గానీ, ఆ మాటంటున్నప్పుడు ఆవిడ మొహం చూస్తే ఇది ఆషామాషీ సంగతి కాదని తెలిసిపోయేది.

వాన సంగతి ఆవిడకి ముందే తెలుస్తుంది. చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కితే ఒక లెక్క, ఎదురింటి వేపచెట్టు ఆకు కదలకపోతే ఒక లెక్క. అన్నిటికన్నా పెద్ద లెక్క రైలు చప్పుడు. అది ఇంట్లోకి వచ్చినట్టు వినబడితే మాపటికి వానేనట.

నా లెక్క వేరు. నేను చదువుకున్నదాన్ని కదా. పొద్దున్న కళ్ళు తెరవగానే ఫోన్లో వాతావరణం చూసేదాన్ని. ఎండ బొమ్మ ఉందా, మబ్బు బొమ్మ ఉందా, గాలి ఎటు వీస్తోంది, అన్నీ. ఆ తరవాత కాకినాడలో మా అమ్మకి ఫోను. ఆ రెండూ అయితేగానీ నాకు కాఫీ దిగేది కాదు. పెళ్ళయిన వారం మొదలుకుని ఇదే నా సంధ్యావందనం.

ఏప్రిల్ నెల. చీకటితోనే లేచి ఇద్దరం సగ్గుబియ్యం ఉడికించాం. పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు, అన్నీ ఆవిడ చేతి కొలత. మామయ్యా మా ఆయనా లేచే వేళకి డాబా మీద మూడు చీరలూ నిండిపోయాయి. ఆకుపచ్చది, బూడిదరంగుది, పసుపుది. గరిటెతో ఒక్కొక్క చుక్కా గుండ్రంగా పెడుతూ నేను, నా చుక్కలు కొన్ని కాకినాడ కాజాల్లా సాగితే వాటిని సరిచేస్తూ ఆవిడ. కాకులు రాకుండా ఒక నల్ల గొడుగు తెరిచి నీళ్ళ ట్యాంకు గొట్టానికి కట్టాం. ఎండ దంచేస్తోంది. మధ్యాహ్నానికే వడియాల అంచులు బిగుసుకోవడం మొదలుపెట్టాయి.

భోజనాలయ్యాక అత్తమ్మ మోండా మార్కెట్‌కి బయల్దేరింది, ఆవకాయకి మామిడికాయలు కొట్టించుకు రావడానికి. గుమ్మం దాటబోయి ఆగి, చెవి రిక్కించి విన్నది.

"రైలు సప్పుడు ఇనబడ్డదా?"

"స్టేషన్ పక్కన ఇల్లు కట్టుకుని, రైలు చప్పుడు కాక ఇంకేం వినబడుతుందత్తమ్మా?"

"గట్ల గాదు. దగ్గర్కెల్లి వచ్చింది. మాపటికి వాన కొడ్తది."

ఇదిగో, ఇక్కడ నా చదువు పొంగింది. ఫోను తీసి ఆవిడ మొహం ముందు పెట్టాను.

"చూడండి. సాయంత్రం దాకా ఎండే. ఒక్క మబ్బు కూడా లేదు."

ఆవిడ కళ్ళజోడు లోపల ఎక్కడో ఉంది. ఫోన్ని దూరంగా, ఇంకాస్త దూరంగా పట్టుకుని చూసింది. "పచ్చగ ఏదో గుండ్రంగ ఉన్నది."

"సూర్యుడత్తమ్మా."

"నీ ఫోన్లోడు మంచిగనే ఉన్నడు. మొగులు మీదోడెట్ల చేస్తడో సూస్కో." అంటూనే బొడ్లోంచి తాళంచెవి తీసింది. తీసి నా అరచేతిలో పెట్టింది. "నల్లగైందంటె ఏం ఆలోచన చెయ్యకు. చీర నాలుగు మూలలు పట్టి లోపల్కి గుంజు. సమజైందా?"

"అయిందత్తమ్మా."

ఆ తాళంచెవి వెచ్చగా ఉంది. ఆ ఇంట్లో ఇంకెవరికీ దక్కని వస్తువు నాకు దక్కింది. ఆ రోజు ఆవిడ తిరిగొచ్చి మూడు చీరల వడియాలూ లెక్కకి సరిగ్గా చూసుకుంటే, నేను ఈ ఇంటి మనిషినైపోయినట్టే. అలాగని ఎవరూ అనలేదు, నాకే గట్టిగా అనిపించింది.

డాబా మీద ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి సీతాఫల్‌మండి డాబాల మీద ఎవరూ ఉండరు. ఆరేసిన దుప్పట్లు, పావురాలు, నేను. సగ్గుబియ్యం ఎండుతున్న కమ్మటి వాసన. ఎక్కడో ఎవరింట్లోనో రేడియో సన్నగా. కళ్ళు సగం మూసుకుంటే, అది మా కాకినాడ ఇంటి మేడే అనిపించింది. అక్కడ కూడా ఇదే వేళకి అమ్మ వడియాల కాపలాకి నన్నే కూర్చోబెట్టేది, నేను కునికిపాట్లు పడుతూ సముద్రపు గాలి ఎప్పుడు తిరుగుతుందా అని చూసేదాన్ని. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. కళ్ళు తెరిచేసరికి బేగంపేట వైపు ఆకాశం అడుగున సన్నగా ఒక కాటుక గీత ఉంది.

అందంగా ఉంది. ఏం చెయ్యమంటారు, నిజంగా అందంగా ఉంది. గీత మందమైంది. దాని పైన తెల్లటి మబ్బులు, గిలక్కొట్టిన వెన్నలాగా, ఒకదానిమీద ఒకటి లేస్తున్నాయి. ఎండ రంగు మారింది. గోడలన్నీ పసుపు నీళ్ళతో కడిగినట్టయ్యాయి. వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు. నల్లగైతే ఆలోచించొద్దని అత్తమ్మ చెప్పింది గుర్తొచ్చి, ఫోను తీసి చూశాను. ఎండ. సాయంత్రం దాకా ఎండ. అయితే ఇవి ఉత్తుత్తి మబ్బులన్నమాట, ఇటు నుంచి అటు పోయేవి. పాపం, చూడమని వచ్చాయి, చూద్దాం అనుకున్నాను.

మా ఆయన ఫోన్ చేశాడు. ఆయన ఆఫీసు బేగంపేటలోనే.

"సుధా, ఈడ గాలిదుమారం షురూ అయింది. వడియాలు తీసినవా?"

"ఎందుకు తీయడం? ఫోన్లో ఎండ ఉంది."

"నువ్వున్నది ఫోన్లనా, బంగ్ల మీదనా?"

"డాబా మీదే."

"జెర తల పైకెత్తి సూడు మరి."

"చూస్తూనే ఉన్నానండీ. ఎంత బాగుందో తెలుసా, ఆకాశం అంచున బంగారు జరీ వేసినట్టు..."

"అమ్మ వచ్చేలోపల తియ్యి. నేనేం చెప్పలేదు, నాకేం తెల్వదు," అని పెట్టేశాడు.

నాకు కొంచెం బెరుకు పుట్టింది. ఇంకొకరిని కూడా అడిగితే నయమనుకుని అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, వాన పడుతుందంటావా?"

"వానేవిటే నీ మొహం. ఇక్కడ ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు."

"నా ఫోన్లో కూడా అలాగే ఉంది."

"మరింకేం. మీ అత్తగారిది ఒట్టి కంగారు. నువ్వు మాత్రం నీడలో కూర్చో, నల్లబడతావు."

నేను కుదుటపడ్డాను. ఫోనూ అమ్మా ఒకే మాట మీద ఉన్నప్పుడు ఇక అనుమానమేముంటుంది. ఈపాటికి మీకు ఎక్కడో ఏదో తేడా కొట్టి ఉండాలి. నాకు కొట్టలేదు.

తరవాత గాలి లేచింది. వీధిలో కవర్లూ ఎండుటాకులూ మా డాబా ఎత్తుకి వచ్చి తిరిగాయి. ఎక్కడో దూరంగా మట్టి తడిసిన వాసన. ఆ వాసన తగిలితే నాకు ఒళ్ళు తెలీదు, చిన్నప్పట్నుంచీ అంతే. కళ్ళు మూసుకుని గుండె నిండా పీల్చాను. మోచేతి మీద చల్లగా ఒక చుక్క పడింది. ఇంకొకటి మెడ మీద. కళ్ళు తెరిచి పైకి చూస్తే ట్యాంకు. ఓహో, ట్యాంకు పొంగుతోందన్నమాట, నీళ్ళు వడియాల మీద పడితే కొంప మునుగుతుందని పరిగెత్తుకుంటూ రెండు అంతస్తులు దిగాను, మోటారు ఆపడానికి.

మోటారు ఆపే ఉంది.

స్విచ్ మీద వేలు పెట్టుకుని నేను నిలబడి ఆలోచిస్తుండగా, పైన డాబా మీద ఎవరో సంచెడు గులకరాళ్ళు ఒలకబోసిన చప్పుడైంది. వడగళ్ళు. ఇక్కడ వాళ్ళనే రాళ్ళవాన.

మళ్ళీ రెండు అంతస్తులు ఎక్కాను. తలుపు తీయగానే నెత్తి మీద ఒక రాయి టంగుమని తగిలింది. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. గొట్టానికి కట్టిన నల్ల గొడుగు విప్పాను. విప్పి నా తలకి పట్టుకున్నాను. వడియాల కాపలాకి పెట్టిన గొడుగు కింద నేను పొడిగా నిలబడి, తడుస్తున్న వడియాల వంక చూశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, నేను అత్త వడియాలు వానదేవుడికి దానం చేశాను. ఆ గొడుగైనా నిలిచిందా అంటే అదీ లేదు, ఒక్క ఊపుకి వెనక్కి తిరగబడింది. అదే ఊపులో పసుపు చీర నాలుగు మూలలూ విదిలించుకుని, వడియాలతో సహా లేచి, ఎదురింటి వేపచెట్టు మీద వాలింది. అంత గందరగోళంలోనూ, ఆకాశంలో ఎగిరిన ఆ చీర ఎంత బాగుందో అనుకున్నాను. నన్ను ఏం చేసినా పాపం లేదు.

మిగిలిన రెండు చీరల మీదా పడ్డాను. పెద్ద ఇత్తడి గిన్నె తెచ్చి, కళ్ళలోకి నీళ్ళు కొడుతుంటే, చేతికి తెల్లగా గుండ్రంగా ఏది తగిలితే అది ఎత్తి గిన్నెలో పోశాను. గిన్నె నిండింది. నిండిన గిన్నె చూడగానే ప్రాణం లేచొచ్చింది. నడుముకి ఆనించుకుని కిందికి దిగేసరికి గుమ్మంలో ఆటో ఆగింది.

అత్తమ్మ దిగింది. తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్నాయి. మామిడి ముక్కల సంచి మాత్రం ప్లాస్టిక్ కవర్లో, ఆ పైన కొంగులో, ఆ పైన గుండెకి ఆనించి ఉంది. దాని మీద చుక్క లేదు. ఆవిడ నన్ను చూసింది, గిన్నె చూసింది.

"సగం దక్కించానత్తమ్మా," అన్నాను.

ఆవిడ సంచి పక్కన పెట్టి, గిన్నెలో చెయ్యి పెట్టి ఒకటి తీసింది. వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. అది ఆవిడ చూస్తుండగానే కరిగి మోచేతి దాకా కారిపోయింది.

"గిది రాయి," అంది.

ఇంకొకటి తీసింది. అదీ రాయే. నేను కొంగుతో మొహం తుడుచుకుని గిన్నెలోకి తొంగిచూశాను. గిన్నె నిండా ఉన్నది కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది.

"సగం గాదు సుధా, పావు." మళ్ళీ గిన్నెలోకి చూసింది. "ఇప్పుడు పావు సుత లేదు."

చివరికి గిన్నె అడుగున జావ మిగిలింది. అత్తమ్మ అందులోకి చూస్తూ మెల్లగా అంది: "చీరకెల్లి వడియాలు ఊడాలంటె ఎన్కకెల్లి జెర నీళ్ళు చల్లుతం. నువ్వు మొగులుతోని చల్లిచ్చినవ్."

కోప్పడితే బాగుండేది. అలా నెమ్మదిగా అనేసరికి నాకు దుఃఖం, దానితోపాటే రోషం కూడా పొంగుకొచ్చాయి. తప్పంతా నాదే అన్నట్టు మాట్లాడతారేమిటి, నేను చూడకుండా కూర్చున్నానా. తడిసిన ఫోను తుడిచి చేతిలో పెట్టాను.

"మీరే చూడండి. ఇప్పటికీ ఎండే చూపిస్తోంది." సరిగ్గా అప్పుడే ఇల్లు అదిరేలా ఉరిమింది.

అత్తమ్మ లోపలికెళ్ళి కళ్ళజోడు పెట్టుకొచ్చింది. సూర్యుడి బొమ్మ చూసింది. దాని మీద తెలుగులో ఏదో రాసి ఉంటే కూడబలుక్కుని చదివింది. రెండోసారి చదివింది. తరవాత కళ్ళజోడు పైనుంచి నా వంక చూసింది.

"బిడ్డా, గిది కాకినాడ ఎండ గదా?"

మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నవాళ్ళున్నారు. కాకినాడలో ఎండ చూసి సికింద్రాబాద్‌లో వడియాలు పెట్టింది మాత్రం నేనొక్కదాన్నే. పెళ్ళయిన వారం, అమ్మావాళ్ళు నన్ను దింపి వెళ్ళిన మర్నాడు, అక్కడ వాన పడుతోందా, అమ్మ బట్టలు తీసిందా అని తెలుసుకోవడానికి ఫోన్లో కాకినాడ పెట్టుకున్నాను. మార్చాలని ఏనాడూ తోచలేదు. నాలుగు నెలలుగా సీతాఫల్‌మండిలో ఉంటూ, రోజూ పొద్దున్న కాకినాడ ఆకాశం కింద నిద్ర లేస్తున్నాను. అమ్మా ఫోనూ ఒకే మాట మీద ఉండవూ మరి.

ఇదంతా చెప్పబోయి సగంలోనే భోరుమన్నాను. సిగ్గుతో ఏడ్చానో, అమ్మ మీద బెంగతో ఏడ్చానో నాకే తెలీదు, రెండూ అయి ఉంటాయి.

"ఏడ్వకు. ఏడిస్తె ఇంక తడుస్తయి," అంది అత్తమ్మ. గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆ జావలో బియ్యప్పిండి కలిపింది, ఉల్లిపాయ తరిగి వేసింది, నూనె పెట్టి బొండాల్లా వేయించింది. వసారాలో ఇద్దరం కూర్చున్నాం. వాన నింపాదిగా పడుతోంది. ఎదురుగా వేపచెట్టు మీద పసుపు చీర. బొండాలు ఎంత బాగున్నాయంటే, ఆ బాధలో కూడా నేను ఏడు తిన్నాను.

"నేనొచ్చిన కొత్తల," అంది అత్తమ్మ వాన వంక చూస్తూ, "తూర్పు దిక్కు మెరిసిందంటె మా ఊర్ల వాన పడ్తున్నదని సంబురమయ్యేది. మా అవ్వ మిరపకాయలెత్తిందో లేదో అని పరేషానయ్యేది. బంగ్లెక్కి అటే సూసేదాన్ని. గీ తాళంచెవి అప్పట్కెల్లే నా బొడ్ల పెట్టుకున్న, మీ మామ తాళమెందుకు నీకు అని నవ్వేటోడు."

అవ్వంటే ఆవిడ భాషలో అమ్మ. నేను నమలడం ఆపాను. కాసేపటికి ఆవిడ నా ఫోన్ని మునివేలితో నా వైపు జరిపింది.

"దాంట్ల జనగామ సుత వస్తదా?"

పెట్టి చూపించాను. "మబ్బుందత్తమ్మా అక్కడ."

వెంటనే, కల్లంలో మొక్కజొన్న ఆరబోసిన వాళ్ళ అన్నగారికి ఫోన్ చేయమంది. "అన్నా, ఆడ మొగులైతున్నది. కల్లంల మక్కలారవోసినవ్ గదా, కవరు కప్పు."

"నాకు కండ్లు లేవానే చెల్లె? గంట కింద్నే కప్పిన," అని ఆయన కసురుకున్నాడు. అయినా ఫోన్ పెట్టాక అత్తమ్మ మొహం వెలిగిపోయింది. మాటలో మాటగా నా పక్కనున్న డాబా తాళంచెవి తీసుకుని బొడ్లో దోపుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అది మొదలు, ఏడేళ్ళలో ఆ తాళంచెవి మళ్ళీ నా చేతికి రాలేదు. వడియాలు పెట్టడానికి నేను కావాలి, కాపలాకి మాత్రం పనికిరాను. ఎవరు వచ్చినా మంచినీళ్ళతోపాటు చెప్పే మాట కూడా మారింది: "నా వడియం ఒక్కటి సుత వానల తడ్వలే. నా కోడలివే తడిసినయి."

మొన్న ఏప్రిల్లో ఒక రోజు నేను ఆఫీసు నుంచి తడుస్తూ ఇంటికొచ్చాను. మెట్ల మీద అత్తమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళంతా తడి. ఒళ్ళో ఇత్తడి గిన్నె. గిన్నె అడుగున జావ.

ఆవిడే అంది, ఎటో చూస్తూ: "ఫోన్ల ఎండ ఉండె."

పోయినేడు మా ఆయన ఆవిడకి కొనిచ్చిన ఫోను పక్కనే ఉంది. తీశాను. తొందరపడలేదు. కొంగుతో అద్దం శుభ్రంగా తుడిచాను, వెలుతురుకి పట్టుకున్నాను, ఒకసారి చదివాను, రెండోసారి చదివాను. కళ్ళజోడు లేకపోయినా ఉన్నట్టే కళ్ళు పైకెత్తి ఆవిడ వంక చూశాను.

"అత్తమ్మా, ఇది జనగామ ఎండ కదా?"

ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, గిన్నె కూడా నాకే ఇచ్చి, "ఉల్లిగడ్డ జెర ఎక్కువ కోయి," అని లోపలికి నడిచింది. తాళంచెవి అప్పట్లాగే వెచ్చగా ఉంది.

కనుక, వేగుతున్న బొండాల సాక్షిగా, ఎదురింటి వేపచెట్టు సాక్షిగా, మా ఇంటి అత్తాకోడళ్ళిద్దరం ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాం: ఇక ఈ జన్మలో పుట్టింటి ఎండని నమ్ముకుని అత్తింటి వడియాలు పెట్టబోము.